గాడిదలు నడిచిన దారి

నా చిన్నప్పుడు మస్కట్‌లో సెలవురోజున అందరూ కొండెక్కడానికి బయల్దేరితే, నాకు దక్కేది కారు వెనుక సీటే. ఉబ్బసం ఉన్న పిల్ల కొండెక్కడమేమిటని మా అమ్మ భయం. అన్నయ్యలు దిగివచ్చి, పైనుంచి ఆనకట్ట వెనుక చెరువు ఎలా కనిపించిందో ఊరించి చెబుతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. పదేళ్ళు నిండిన ఏడాది చలికాలంలో మొండిగా తేల్చుకున్నాను. ఈసారి పాకుతూ అయినా సరే, ఆ చెరువును నా కళ్ళతో నేనే చూడాలి.

అదే చలికాలం మా తాత నిజామాబాద్ దగ్గరి పల్లె నుంచి విజిట్ వీసా మీద వచ్చాడు. వయసులో ఉన్నంతకాలం ఊరివాళ్ళ బట్టలు గాడిదల మీద వాగుకు తీసుకెళ్ళి ఉతికి తెచ్చిన మనిషి ఆయన. అల్ ఖువైర్‌లో ఆఫీసు ఉద్యోగం చేసే మా నాన్నకు ఆ సంగతి బయటికి పొక్కడం ఇష్టం లేదు. నాన్న దాచి ఊరుకున్నాడు, నేనైతే ఏకంగా కోతలు కోశాను. మా తాతకు ఆరు గుర్రాలుండేవని, అందులో ఒకటి తెల్లదని మా బిల్డింగ్ పిల్లలందరికీ చెప్పిపెట్టాను.

ఆ శుక్రవారం నాన్న ఆఫీసు మేనేజరు గారి కుటుంబం, మేము కలిసి వెళ్ళాం. వానలు పడి ఆనకట్ట వెనుక చెరువు నిండిందని విని, పైనుంచి అది బాగా కనబడే కొండ ఏదో మేనేజరు గారే ఎంచారు. కనబడితే చాలు, ఎక్కడం సంగతి ఆయన ఆలోచించలేదు. కొండ మీద పచ్చని ఆకు లేదు, అంతా గోధుమరంగు రాయి. వదులు రాళ్ళ సందులోంచి అందరూ తిన్నగా పైకి ఎగబాకారు. నేనూ పరిగెత్తాను. ఇరవై అడుగులు వేశానో లేదో దగ్గు తెర వచ్చింది. కారు దగ్గర ఉండిపోయిన అమ్మ వెనక్కి పిలిచింది. రాయి మీద కూలబడి ఏడ్చాను.

తాత మాత్రం కొండ అంచు వెంబడి నేల చూస్తూ తిరుగుతున్నాడు. ఒకచోట ఆగి, ఎండిన పేడను కర్రతో కదిపి నవ్వాడు.

“బిడ్డా, గిటు రా. గాడిదలు నడిచిన తొవ్వ ఇది. బరువు మోసేటిది నిట్టనిలువుగ ఎక్కది, సుట్టు తిరిగి పోతది. దమ్ము విలువ దానికి తెల్సు.”

పైనున్న పల్లెకు సామాను మోసే గాడిదల దారి అది. అమ్మ వద్దంది. దగ్గు వస్తే ఎత్తుకుని తెస్తానని తాత మాటిచ్చాడు. నాకు మాత్రం ఒకటే షరతు పెట్టాడు: మాట్లాడుతూ నడవాలి, మాట ఆగితే కాలు ఆగాలి. ఏం మాట్లాడమంటావని అడిగితే, ఆయన చాలా మామూలుగా అన్నాడు.

“మన గుర్రాల ముచ్చట చెప్పు. తెల్లదాని పేరేంది?”

సిగ్గుతో చచ్చిపోయాను. ఎవరు చేరవేశారో, నా కోతల సంగతి ఆయనకు అంతా తెలుసు. కోపం లేదు, వెక్కిరింపు లేదు, నిజంగానే వినాలన్నట్టు అడిగాడు. మొండిదాన్ని కదా, చెప్పడం మొదలుపెట్టాను. మొదటి గుర్రం, రెండోది, మూడోది. నాలుగో గుర్రం దగ్గర నా మాట ఆగిపోయింది. ఆయాసం వల్ల కాదు, ఏడుపు వల్ల. తాత నన్ను కూర్చోబెట్టి నీళ్ళు తాగించాడు. మళ్ళీ నడిచాం. ఈసారి ఆయన తన గాడిదల గురించి చెప్పాడు, నేను ప్రశ్నలు వేశాను.

ఆఖరి మలుపు తిరిగేసరికి చెరువు కనిపించింది. గోధుమరంగు కొండల మధ్య ఆకుపచ్చగా, ఎంతో లోతున. దగ్గు రాలేదు. చూడగలిగానన్న గర్వం కంటే, ఆ నీళ్ళు నిజంగా అక్కడ ఉన్నాయన్న ఆనందమే ఎక్కువగా ఉంది.

కాసేపటికి, వదులు రాళ్ళలో జారి జారి మోచేతులు దోక్కుపోయి మిగతావాళ్ళు వచ్చారు. ఆ రాళ్ళలో దిగడమెలాగని అప్పటికే వాళ్ళకు భయం పట్టుకుంది. తాత మంచి దారి చూపిస్తే మేనేజరు గారు ఆశ్చర్యపోయి, ఇది మీకెలా తెలిసిందని అడిగారు. గుర్రాలున్న తాత కదా అంది మా బిల్డింగ్‌లోనే ఉండే ఆయన కూతురు. నాన్న చటుక్కున నావైపు చూశాడు. తాత ఎవరివైపూ చూడలేదు. నా అబద్ధం ఆయన చేతిలోనే ఉంది, ఆయన నోరు విప్పలేదు.

అప్పుడు నేనే గట్టిగా చెప్పాను. మా తాతకు గుర్రాల్లేవు, గాడిదలుండేవి, ఊరి బట్టలు మోసేవి, అందుకే తెలిసింది అని.

నాన్న కింద చెరువు వైపే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

“ఎనిమిది గాడిదలు సార్. ఒకదాని మీద కూర్చునే నేను బడికి పోయేవాణ్ణి.”

తాత తుండుతో మొహం తుడుచుకున్నాడు, చెమట పట్టినట్టు.

ఇప్పుడు మస్కట్‌లోనే, అజైబాలో, మా మనవరాలు ఫోనులో చెరువుల ఫోటోలు చూపించి ఏ కొండకు వెళ్దామని అడుగుతుంది. చెరువు సరే, గాడిదలు ఎటునుంచి ఎక్కేవో ముందు కనుక్కోమంటాను. ఉబ్బసం ఇంకా నాతోనే ఉంది, అయినా ఆ రోజు తర్వాత ఏ కొండ దగ్గరా కారులో ఉండిపోలేదు. ఆయాసం వచ్చినచోట ఆగుతాను, మళ్ళీ లేస్తాను. దారి ఎలా తెలిసిందని తోటివాళ్ళు అడిగితే నేను నోరు తెరిచేలోపే మనవరాలు గట్టిగా చెప్పేస్తుంది, మా అమ్మమ్మ వాళ్ళ తాతకు ఎనిమిది గాడిదలుండేవని.