రేకుల గదిలో చలికాలపు చుట్టాలు

ఈ పుష్యమాసంలో మా అమ్మాయి దగ్గర నాలుగు రోజులు ఉండి వచ్చాను. పటాన్‌చెరు దాటాక లక్డారం పొలిమేరల్లో వాళ్ళకు కాస్త నేల ఉంది. అందులో తాముండే ఇంటి ఎదుట రెండు గదుల ఇల్లొకటి కట్టి, శని ఆదివారాలు పచ్చని చోట గడుపుదామని నగరం నుంచి వచ్చే కుటుంబాలకు అద్దెకిస్తూ ఉంటారు. ఎండాకాలమంతా బాగానే నడిచింది కానీ, చలి ముదిరేసరికి వచ్చిన వాళ్ళంతా రాత్రిళ్ళు వణికిపోయామని చెప్పడం మొదలుపెట్టారట. మా అమ్మాయి రెండు హీటర్లు కొని పెట్టింది. వాటితో పాటు గీజరు కూడా వేస్తే ఇంట్లో కరెంటు పోతోంది, వేయకపోతే అద్దెకు వచ్చినవాళ్ళు ముఖం ముడుచుకుంటున్నారు. ఏం చేయాలో తోచక నాకు ఫోను చేసింది.

నేను వెళ్ళి పెద్దగా చేసిందేమీ లేదు. నాలుగు గంటలకే, ఇంకా ఎండ ఉండగానే కిటికీలు మూయించాను. పరుపులూ దుప్పట్లూ మధ్యాహ్నమంతా ఎండలో వేయించాను. చల్లటి రాతి నేల మీద గోనెపట్టాలు, వాటి మీద జంపఖానాలు పరిపించి, తలుపులకు మందమైన కంబళి తెరలు కట్టించాను. పడుకునే ముందు పక్కలో పెట్టుకోవడానికి వేడినీళ్ళ సంచులు తెప్పించాను. ఆ శనివారం వచ్చిన కుటుంబం హీటరు మీట నొక్కనే లేదు. ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని మా అమ్మాయి ఆశ్చర్యపోతే, ఒక ముసలావిడ దగ్గర కొంత, చేసిన తప్పు వల్ల కొంత అని చెప్పి ఊరుకున్నాను. ముసలావిడ సంగతి చెప్పాను గానీ, తప్పు సంగతి మాత్రం చెప్పలేదు. అప్పుడు అక్కడున్నవాళ్ళకు తప్ప ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మేము గుంటూరు వైపు వాళ్ళం. మా ఆయనకు ఇక్కడి పెద్ద కర్మాగారంలో ఉద్యోగం వచ్చినప్పుడు, పెళ్ళయిన ఏడాదికి, ఒక ట్రంకు పెట్టె, రెండు బొంతలతో ఇస్నాపూర్ వచ్చి దిగాము. అప్పటి ఇస్నాపూర్ వేరు. రోడ్డుకు ఒక పక్క కొత్తగా లేస్తున్న ఫ్యాక్టరీ షెడ్లు, మరో పక్క జొన్నచేలు, మధ్యలో ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఒక్కో గదిలో ఆరుగురూ ఏడుగురూ సర్దుకుని బతికే కార్మికులు. కొన్నాళ్ళకు మేము చిన్న ఇల్లు కట్టుకుని, పెరట్లో సిమెంటు రేకులతో ఒక గది వేశాము. దాన్ని నెలవారీ కిరాయికి ఇవ్వాలన్నది మా ఆయన ఆలోచన. నేను మాత్రం ఇంకొక మాట అన్నాను.

మా వీధిలో ఉండే కార్మికుల భార్యాబిడ్డలు ఊళ్ళలోనే ఉండేవారు. కోతలు అయిపోయి చేతికి పని తగ్గాక, ఏడాదికొక్కసారి, పది పదిహేను రోజులు భర్తల దగ్గర ఉండి పోదామని వచ్చేవారు. వస్తే ఎక్కడ ఉంటారు? ఆరుగురు మగవాళ్ళున్న గదిలో ఆడమనిషి ఎలా ఉంటుంది? గది ముందు చెట్టు కింద కూర్చుని మాట్లాడుకుని, చీకటి పడేలోగా తిరుగు బస్సెక్కిన ఆడవాళ్ళను నేను కళ్ళారా చూశాను. అందుకని ఆ రేకుల గదిని వాళ్ళకోసమే ఉంచుదామన్నాను. మా ఆయన సరేనన్నారు. దాన్ని వీధిలో అందరూ చుట్టాల గది అనేవారు. సెలవులకు ఎక్కడికైనా వెళ్ళి ఇల్లు అద్దెకు తీసుకోవడమనే మాట అప్పుడు మాకు తెలియదు కానీ, ఆలోచిస్తే అదీ అలాంటిదే.

ఆ ఏడు మొదటగా వచ్చింది పాలమూరు వైపు నుంచి ఒక కుటుంబం. తండ్రి ఇనుము కరిగించే విభాగంలో పనిచేసేవాడు. తల్లి సన్నగా, మాటకు ముందు నవ్వుతూ ఉండేది. పది నెలల పాప. తండ్రి పాపను చూడడం అది రెండోసారట. దిగిన రోజు పాప అతన్ని గుర్తుపట్టక గుక్కపట్టి ఏడిస్తే, అతను చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడిపోయాడు.

సంగారెడ్డి చలి ఎలా ఉంటుందో ఇక్కడ బతికిన వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. అందులోనూ రేకుల గది పగలు పెనంలాగా కాలి, పొద్దు గుంకగానే మంచుగడ్డ అయ్యేది. గోడకూ రేకుకూ మధ్య వంపుల్లోంచి గాలి కత్తిలాగా దూరేది. రెండో రోజే పాప తండ్రి ఎక్కడినుంచో తీగ చుట్టలున్న కరెంటు పొయ్యి ఒకటి తెచ్చి పెట్టాడు. అది పెట్టగానే మా ఇంట్లో దీపాలు మిణుగురుల్లా అయిపోయి, గోడ మీద తీగ ముట్టుకోలేనంత వేడెక్కింది. మా ఆయన వెళ్ళి దాన్ని తీయించేశారు. తీయించడం సబబే. కానీ బదులుగా ఏదో ఒకటి చేయాలి కదా. నేను పొద్దున్నే కూర్చుని పాత గోనెసంచులు పీలికలు చేసి, బంకమట్టిలో ముంచి, రేకుల కింది సందులన్నిట్లో కూరాను. పైనున్న చిన్న గూడుకిటికీని కూడా వదల్లేదు. తలుపు కింద సందు ఒక్కటి మిగిలింది, గోనె అయిపోయి. ఆ రాత్రి గది వెచ్చగా ఉందని పాప తల్లి చెబితే, ఒక్క పైసా కరెంటు కాల్చకుండా సాధించానని నాలో నేనే మురిసిపోయాను.

మా ఎదురింట్లో ఒక అవ్వ ఉండేది. గొర్రెలు కాచుకునే కుటుంబం వాళ్ళది. పొద్దున్నే నల్ల గొంగడి కప్పుకుని అరుగు మీద ఎండకు కూర్చుంటే వీధిలో ఎవరు ఎటు పోయిందీ ఆమెకు తెలియకుండా ఉండేది కాదు. ఆమె మాట కరుకు. కొత్తలో నాకు భయంగా కూడా ఉండేది.

వాళ్ళు వచ్చిన అయిదో రోజు పొద్దున పాపకు తలంటి పోశాము. సాంబ్రాణి వేయడానికి పాప తల్లి కుంపటి అడిగితే, నేనే మా పొయ్యిలోంచి నిప్పులు తీసి, పైన నాలుగు బొగ్గులు వేసి ఇచ్చాను. అంతలో తండ్రి రాత్రి పాళీ ముగించుకుని వచ్చాడు. ముగ్గురూ లోపలికి వెళ్ళారు. నేను ఇంట్లోకి వచ్చి వంట పనిలో పడిపోయాను.

ఎంతసేపయిందో తెలియదు. అవ్వ మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె మా ఇంట అడుగుపెట్టడం అదే మొదలు.

“బిడ్డా, గా తలుపు ఇంకా తియ్యలేదేంది?”

“రాత్రి పాళీ చేసి వచ్చాడు కదవ్వా, పడుకుని ఉంటారు.”

“ఆయన పండుకుంటడు సరే. పొల్ల పండుకుంటదా గింత సేపు? జెరసేపటి కింద గునిసింది, ఇప్పుడు సప్పుడే లేదు. నిప్పులు లోపటికి తీస్కపోయిండ్రు, నేను సూసిన.”

నిప్పులు అనగానే పొయ్యి మీద వంట అలాగే వదిలేశాను. సందులన్నీ నా చేతులతో నేనే మూశాను. పరుగున వెళ్ళి తలుపు బాదాను, పిలిచాను. లోపల నుంచి ఉలుకూ పలుకూ లేదు. అవ్వ నన్ను పక్కకు జరగమని, అంత వయసులో వాళ్ళింటి గడ్డపార మోసుకొచ్చి, గడియ దగ్గర దూర్చి మెడ నరాలు బిగిసేదాకా లాగింది. నేనూ పట్టాను. తలుపు ఊడింది.

తల్లి గోడకు ఆనుకుని ఒరిగి ఉంది. తండ్రి కుంపటి పక్కనే వెల్లకిలా పడి ఉన్నాడు. పాప తలుపు దగ్గర చాప మీద ఉంది. అవ్వ పాపను ఎత్తుకుని బయటికి వచ్చి, గాలికి మొహం తిప్పి, అరికాళ్ళు రుద్దుతూ ఏదో గొణుక్కుంటూనే ఉంది. నేనూ వీధిలో వాళ్ళూ మిగతా ఇద్దర్నీ ఈడ్చుకొచ్చాము. పాప మెడ వేలాడుతూ ఉంది. ఆ కాసేపు నేను ఏ దేవుణ్ణి ఏమని వేడుకున్నానో ఇప్పుడు గుర్తు లేదు. తరువాత పాప ముక్కు చిట్లించి, సన్నగా, పిల్లి కూనలాగా ఏడ్చింది.

తల్లికి వాంతులై కాసేపట్లో తెలివి వచ్చింది. తండ్రికి మాత్రం ఆసుపత్రిలో సాయంత్రానికి గానీ కళ్ళు తెరిపిడి పడలేదు. బొగ్గుల గాలి వాసనా రంగూ లేకుండా మనిషిని నిద్రలోనే తీసుకుపోతుందని, పాప తలుపు కింద సందుకు దగ్గరగా ఉండబట్టి బతికిందని డాక్టరుగారు చెప్పారు. గోనె అయిపోయి నేను మూయకుండా వదిలిన సందు అది. ఆసుపత్రి వరండాలో పాప తల్లి పక్కన కూర్చుని, ఆ సందులు మూసింది నేనే, కుంపటి ఇచ్చిందీ నేనే అని చెప్పేశాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమె పాప వీపు నిమిరింది.

“సలి పెడుతదని మూసినవ్ గదక్కా,” అంది. “మమ్మల్ని సంపనీకి మూసినవా?”

ఇక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఇంటికి వచ్చాక మా ఆయన చుట్టాల గది ఇక వద్దన్నారు. వాళ్ళు కూడా ఆసుపత్రి నుంచి నేరుగా ఊరికి పోతామన్నారు. తల్లీబిడ్డా ఉండిపోవాలనుకున్న రోజులు ఇంకా పది ఉన్నాయి. వద్దు, ఉండండి అని నేను ఏ ముఖం పెట్టుకుని అంటాను? అవ్వే వచ్చింది. వచ్చి, మా ఆయన ముందర నిలబడి, ఆయన పెద్ద ఉద్యోగమని కూడా చూడకుండా అనేసింది.

“గట్ల పంపిస్తే ఎట్ల సారు? సంవత్సరానికొక్కపారి వస్తరు మొగుడు పెండ్లాం. అర్ర మంచిగ చేసియ్యాలె గని, పొమ్మంటరా?”

మర్నాడు పొద్దున్నుంచి ఆమె చెప్పినట్టల్లా చేశాను. ముందు గూడుకిటికీలో కూరిన గోనె పీకించింది. మనుషులు ఊపిరి తీసుకోవద్దా అని నన్ను కసిరింది. వాళ్ళ గడ్డివాము నుంచి వరిగడ్డి తెచ్చి రేకుల మీద మందంగా పరిచి, గాలికి ఎగిరిపోకుండా పాత వల కప్పి రాళ్ళు పెట్టించింది. అంత గడ్డి పైనుంటే గదిలోని వెచ్చదనం రేకుల్లోంచి పైకి పోదు, మంచు రేకును తాకదు. నేల మీద గడ్డి, దాని మీద గోనెపట్టా, ఆ పైన ఎండలో కాగిన బొంత. తిరిగి బిగించిన తలుపుకు తన సొంత గొంగడి ఒకటి కట్టింది. మా వంటయ్యాక ఆరిపోయే పొయ్యిలో రెండు ఇటుకలు పెట్టి, వేడెక్కాక గుడ్డలో చుట్టి పక్కలో కాళ్ళ దగ్గర పెట్టమంది. నిప్పు మాత్రం గడప దాటి లోపలికి రాకూడదు. అంతే. కరెంటు లేదు, పొగ లేదు, కొత్తగా తగలేసిన కట్టె పుల్ల కూడా లేదు. ఆ రాత్రి నేను గదిలోకి వెళ్ళి కాసేపు నిలబడ్డాను, కోడి రెక్కల కింద ఉన్నట్టుంది.

పాప తండ్రితో పనిచేసేవాళ్ళు కూడా ఒక మంచి పని చేశారు. తమలో తాము మాట్లాడుకుని అతని రాత్రి పాళీలు వాళ్ళు పంచుకుని, ఆ పది రోజులూ అతన్ని పగటి పాళీకి పంపారు. సాయంత్రం పూట అతను ఇంటి ముందు కూర్చుని పాపను ఆడించడం వీధంతా చూసేది. మూడో రోజుకో నాలుగో రోజుకో పాప అతని మీసం పట్టుకుని లాగింది. అతను నొప్పెట్టినా కదలకుండా, మా అందరి వంకా చూస్తూ, నవ్వాలో ఏడవాలో తెలియనట్టు కూర్చున్నాడు. వెళ్ళే రోజు పాప తల్లి అవ్వ కాళ్ళకు దండం పెట్టింది. తరువాత నా దగ్గరికి వచ్చి నా రెండు చేతులూ తన చెంపలకు ఆనించుకుంది. సందులు మూసిన చేతులవి.

ఆ తరువాత ఎన్నో చలికాలాలు ఆ గదిలో ఎవరో ఒకరు ఉంటూనే వచ్చారు. ఏటా కోతలయ్యాక గడ్డి మార్చేవాళ్ళం. వచ్చిన ప్రతి ఇల్లాలికీ నిప్పు గురించి నేనే దగ్గరుండి చెప్పేదాన్ని, ఎందుకు చెబుతున్నానో మాత్రం చెప్పేదాన్ని కాదు. పాలమూరు వాళ్ళు మూడేళ్ళు వచ్చారు. నాలుగో ఏడు ఆమె పాపను తీసుకుని శాశ్వతంగానే వచ్చేసింది, పక్క వీధిలో సొంతంగా ఒక గది చూసుకున్నారు. ఇక మా గదితో వాళ్ళకు పని లేకపోయింది. ఎంత సంతోషించానో, లోపల ఎక్కడో అంత వెలితిగా కూడా అనిపించింది. అవ్వ ఒక మాఘమాసంలో పోయింది. మా ఆయన రిటైరయ్యాక మేము పటేల్‌గూడకు మారాము. ఆ ఇల్లు అమ్మేశాము.

ఆ మధ్య అటుగా వెళితే కారు ఆపించుకుని చూశాను. మా పెరడు ఉన్న చోట మూడంతస్తుల మేడ ఉంది. ఒక్కో అంతస్తులో వరుసగా తలుపులు, స్లాబు కప్పులు, గోడలకు గీజర్లు. ఆడవాళ్ళూ పిల్లలూ అక్కడే కాపురముంటున్నారు, ఎవరూ ఏడాదికొక్కసారి వచ్చి పోవడం లేదు. అది చూసి నిజంగా సంతోషించాను. మా రేకుల గది కన్నా అవి వెచ్చగానే ఉంటాయి. ఒకావిడ బయటికి వచ్చి ఎవరు కావాలి అని అడిగింది. ఎవరూ వద్దమ్మా అన్నాను. ఆమె పక్క గదిలో ఎవరుంటారని నేను ఊరికే అడిగితే, తెలియదండీ అంది.

మా అమ్మాయి ఇంటికి వచ్చే చుట్టాలు కూడా అంతే. ఫోనులో వచ్చిన అంకెలు నొక్కి తాళం తీసుకుంటారు, అలాగే వేసి వెళ్ళిపోతారు. చాలా బాగుందని మంచి మాటలు రాసి పంపుతారు. వాళ్ళ ముఖాలు కూడా మా అమ్మాయి చూడదు. పొద్దున్నే వెళ్ళి తలుపు తట్టి రాత్రి చలి వేసిందా అని అడిగితే బాగుండదమ్మా, వాళ్ళ ఏకాంతానికి అడ్డు వెళ్ళినట్టుంటుంది అంది. కాలం అలా ఉంది, దాన్ని తప్పుపట్టను. అయినా అక్కడున్న నాలుగు రోజుల్లో ఆ కుటుంబం ఉన్నన్నాళ్ళూ నేను పొద్దున్నే వరండాలో కుర్చీ వేసుకుని, ఎండకు కూర్చున్నట్టు కూర్చుని, వాళ్ళ తలుపు వైపే చూస్తూ ఉండేదాన్ని. అది తెరుచుకుని, కళ్ళు నులుముకుంటూ ఎవరో ఒకరు బయటికి వచ్చాకే లోపలికి వెళ్ళి కాఫీ కలుపుకునేదాన్ని.