పదమూడు స్లైడ్లూ ఒక సాక్ష్యమూ

దేశంకాని దేశంలో, ఈ ప్లేనో ఊళ్లో మా తెలుగు చర్చివాళ్లకి వాతావరణ మార్పు మీద నమ్మకం కుదిర్చే భారం నేనే నెత్తికెత్తుకున్నాను. ఎవరూ అడగలేదు. ఆఫీసులో రోజంతా గ్రాఫులు గీసే ఉద్యోగం నాది. గ్రాఫు చూపిస్తే ఎంతటివాడైనా మారతాడని నా విశ్వాసం. మా ఆయన్ని చూశాకైనా ఆ విశ్వాసం సడలాల్సింది.

గొడవ చిన్నదే. జూలైలో పిల్లలకి వేసవి బైబిల్ తరగతులు పెడతాం. పొద్దున పాఠాలు, మధ్యాహ్నం మూడింటికి బయట ఆటలు. ఆటల ఇన్‌చార్జి మా ఆయన. కిందటేడు మా చిన్నది ఆ ఎండలోనే కళ్లు తిరిగి పడిపోయింది. ఆటలు పొద్దుటికి మార్చమని నేను, ససేమిరా అని ఆయన.

"మేం మే నెల్లో మిట్టమధ్యాహ్నం క్రికెట్ ఆడలేదా? ఎండలు ఎప్పుడూ ఉన్నవే. క్లైమేట్ చేంజ్ అంతా మీడియా హైప్," అనేవాడు, ఏసీ ఇంకో రెండు డిగ్రీలు తగ్గిస్తూ.

పాస్టర్‌గారిని బతిమాలితే ఆరాధన అయ్యాక పది నిమిషాలిచ్చారు. పదమూడు స్లైడ్లు చేశాను, ఆఖరిది పిల్లల ఆటలు పొద్దుటికి మార్చమని. వెనక వరసలో ఒక అంకుల్ తలూపుతుంటే ఒప్పుకుంటున్నారనుకుని రెచ్చిపోయాను. తీరా చూస్తే కునికిపాట్లు. ప్రశ్నలున్నాయా అని అడిగితే, భోజనాలు ఎన్నింటికని ఎవరో అడిగారు. మా ఆయన పెదవి బిగబట్టి నవ్వాపుకున్నాడు.

అప్పుడు, ప్రతి ఆదివారం నా పక్క కుర్చీలో కూర్చునే ఆంటీ చెంగు సర్దుకుని లేచింది.

"దేవుని బిడ్డలందరికీ వందనాలు. చిన్న సాక్ష్యం చెప్పుకుంటాను. మాది సముద్రం ఒడ్డున ఊరు. సముద్రం మీదకొస్తోందని కుర్రాళ్లు మొత్తుకుంటే, 'తాతల కాలంనించీ అక్కడే ఉంది, ఎక్కడికొస్తాది' అన్నాడు మా నాన్న. ముందు కొబ్బరిచెట్లు పోయాయి. తర్వాత సమాధులు. మా అమ్మది కూడా. సమాధుల పండక్కి మా తమ్ముడు వీడియో కాల్ చేసి నీళ్లు చూపించాడు. పువ్వులు పెట్టడానికి చోటు లేదు. ఎప్పుడూ ఉన్నదే కదా అనుకోకండయ్యా. పిల్లల్ని పొద్దున్నే ఆడించండి."

కూర్చుంది. తీరం కోతకి కారణాలు చాలా ఉంటాయని, అన్నీ వేడి వల్లే కాదని ఒక వివరణ ఇవ్వాలని నా నాలుక దురద పెట్టింది. కొరుక్కుని ఊరుకున్నాను.

మా ఆయన లేచాడు. "ఆటలు ఎనిమిదింటికే పెడదాం ఆంటీ," అన్నాడు. నెల రోజులు ఇంట్లో నేను అరిచింది సరిగ్గా అదే. గెలిచినందుకు సంతోషించాల్సిందిపోయి ఒళ్లు మండింది.

భోజనాల వరసలో ఆంటీ నా ముందు నిలబడింది. ప్లేటు అందిస్తూ అడిగింది.

"ఆ గీతల్లో మా ఊరు కూడా ఉందామ్మా? నాకు సరిగ్గా కనపడలేదు."

"లేదాంటీ," అన్నాను.

పదకొండేళ్లుగా పక్కపక్కనే కూర్చుని పాటలు పాడుతున్నాం. ఆమెది ఏ ఊరో నేనెప్పుడూ అడగలేదు. సిగ్గుతో తల పైకెత్తలేకపోయాను. పెరుగన్నం వడ్డించే చోటికి చేరేలోపు, వాళ్లమ్మ పేరేమిటని అడిగాను.