పప్పుగుత్తి రాణి

ఒంటరితనానికి ఆ కాలంల పేరు లేకుండె. "పిల్లకు పని లేదు" అనెటోళ్లు, గంతే. నిజాం పాలన ఆఖరి ఏండ్లవి. నాకు ఏడేండ్లు. అమ్మకు దగ్గు జబ్బు ముదిరితే బాపు ఆమెను పట్నం దవాఖానకు తీసుకపోయిండు. నకిరేకల్‌కు ఆమడ దూరంల, చేన్ల నడుమ ఉన్న ఇంట్ల నేను, అవ్వ మిగిలినం. ఆడుకుందామంటే ఈడు పిల్లలు లేరు. నాకున్న పరివారమల్లా మూడుకాళ్ల కొయ్య ఎద్దు (మంత్రి), అమ్మ చీరపేలిక చుట్టిన పప్పుగుత్తి (రాణి). గుత్తి తలకున్న చీలికలు నా కంటికి అచ్చం కిరీటమే. చిక్కేందంటే, పొద్దుగాల దర్బారు చేసిన రాణిని పగటాల్లకు అవ్వ చీర విప్పి పప్పుల దించేది. మొదటినాడు నేను అలిగి బువ్వ ముట్టలేదు.

"రాణి తానానికి పోయిందే," అన్నది అవ్వ. "నువ్వు తింటెనే ఒడ్డుకొస్తది."

తిన్న. పప్పు కమ్మగనే ఉండె (రాజవంశం గద).

ఒకనాడు బాపు ఒక్కడే వచ్చిండు. అరుగు మీద కూసొని తలెత్తలేదు. ఆ దినం అవ్వ పొయ్యి ముట్టించలేదు. రాణి పొద్దంత నా దగ్గర్నే ఉన్నది. "ఇగ అమ్మ రాదట," అని మొదలు దానికే చెప్పిన.

పెద్దయి పంతులమ్మనైన. అల్లరి క్లాసును కూసోపెట్టెటందుకు ఒక కత అల్లిన: రోజూ కొలన్ల మునిగి, రోజూ తిరిగొచ్చే రాణి కత. అదెట్లనో అచ్చయి, పాఠాల పుస్తకానికెక్కింది. బొమ్మలేసినాయన రాణికి పట్టుచీర, ఏడువారాల నగలు పెట్టిండు. కతల మంత్రయిన నా ఎద్దుకు నాలుగోకాలు గూడ దయచేసిండు.

మొన్న జడ్చర్లల ఒక బడికి పిలిచిండ్రు. "అసలు రాణి ఎట్లుండె?" అని పిల్లలడిగితే "పప్పుగుత్తి" అన్న. బడంత నవ్వింది. పెద్ద పంతులమ్మ మాత్రం మొకం చిన్నబుచ్చుకున్నది (పూలదండ గూడ తెచ్చె, పాపం). ముందు వరుసల ఒక చిన్నపిల్ల నవ్వలేదు.

"మరి అది నీతోని మాట్లాడేదా?"

"లేదు బిడ్డా. రెండు గొంతులు నేనే మాట్లాడేదాన్ని."

"నేను గూడ గట్లనే," అన్నది, మెల్లగ.

బస్సుల తిరిగొస్తుంటే నా పక్కసీటు ఖాళీగ ఉండె. ఎవరు చూస్తలేరు గద అని, రాణి సన్న గొంతు ఒకసారి పలికి చూసిన. బొంగురుగ ఏదో వచ్చింది. తనను పిలిచిననుకొని కండక్టరు దగ్గరికొచ్చి, "యాడ దిగుతవ్ అవ్వా?" అన్నడు. డెబ్బయేండ్ల నా పిచ్చికి నాకే నవ్వొచ్చి, కిటికీ దిక్కు తిరిగిన.