నురగక్క సబ్బు మార్చలేదు

నురగక్క సబ్బు మార్చాకే నాలుగంతస్తుల మేడలో కుక్కలకు మళ్ళీ బొచ్చు మొలిచిందని ఈ వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పేవాళ్ళు కళ్ళారా చూసినట్టే చెబుతారు. పాత సబ్బు గోధుమరంగుదట, మహా ఘాటట, ఏ మందుల కంపెనీవాళ్ళో పారేస్తే ఏరుకొచ్చిందట. కొత్తది పువ్వులాంటిదట. ఇందులో ఒక్క ముక్క నిజం లేదు. నురగక్క తొమ్మిదేళ్ళుగా ఒకటే సబ్బు వాడుతోంది. నమ్మకపోతే మూల మీది కొట్టతన్ని అడగండి, నెలనెలా అదే డబ్బా తీసిస్తున్నది ఆయనే. మారింది సబ్బు కాదు. ఏం మారిందో చెప్పాలంటే ముందు నురగక్క సంగతి చెప్పాలి.

కుక్కలకు స్నానం చేయించడం ఆవిడ పని. భుజాన ఒక సంచి, అందులో రెండు దువ్వెనలు, నాలుగు పాత తువ్వాళ్ళు, గోళ్ళు కత్తిరించే కత్తెర, నీళ్ళు పోకుండా చెవుల్లో పెట్టే దూది. ఎండాకాలమైనా చలికాలమైనా మోచేతుల దాకా నురగే. ఒకసారి ఆ చేతులతోనే కూరగాయల బండి వెంట పరుగెత్తి వంకాయలు బేరమాడింది. ఆ రోజు నుంచీ నురగక్క. పుట్టినప్పుడు పెట్టిన పేరు గుర్తింపు కార్డు మీద తప్ప ఎక్కడా వినబడదు.

అంతకుముందు ఆరేళ్ళు బట్టలుతికే షాపులో చేసింది. నీళ్ళ చదువు అక్కడిదే. గుప్పెడు నీళ్ళలో కాస్త సబ్బు కలిపి వేళ్ళ మధ్య రుద్దుతుంది. నురగ ముద్దలా నిలబడితే మంచినీళ్ళు. పాలు విరిగినట్టు తెల్లటి తరకలు తేలితే ఉప్పునీళ్ళు. అలాంటి ఇంట్లో ఒకటికి రెండుసార్లు కడగాలి, లేకపోతే ఆ తరకలు బొచ్చులో ఉండిపోయి కుక్క రాత్రంతా గోక్కుంటుంది. అందుకే ఏ ఇంటికి వెళ్ళినా ముందు కుళాయి దగ్గరికే నడుస్తుంది.

"కుక్కకు నీళ్ళు పొయ్యమని పిలిస్తే కుళాయితో కబుర్లేమిటే నీకు?" అని వాళ్ళత్త వెక్కిరించేది.

"కుళాయి కరవదు కదత్తా. ముందు దాంతోనే స్నేహం చేసుకుంటా."

అత్తాకోడళ్ళిద్దరూ ఆ బట్టలుతికే షాపు వెనకాల గదిన్నర ఇంట్లో ఉంటారు. మొగుడు లారీ డ్రైవరు. పది రోజులకోసారి వచ్చి రెండు రోజులు నిద్రపోయి వెళ్ళిపోతాడు. ఇంట్లో పొయ్యి వెలిగేది ఎక్కువగా నురగక్క రెక్కల మీదే. అందులోనూ నాలుగంతస్తుల మేడ మీద. ఆ ఒక్క మేడలో ఏడు కుక్కలున్నాయి. అది పోతే ఆవిడకు మిగిలేది వీధి చివర రెండిళ్ళు.

అది పోయే రోజు వచ్చింది.

ఎండలు ముదిరే వేళకు మేడలో కుక్కలు గోక్కోవడం మొదలుపెట్టాయి. పొట్ట కింద ఎర్రటి మచ్చలు, దువ్వితే దువ్వెన నిండా బొచ్చు. రెండో అంతస్తులో పళ్ళ డాక్టరుగారి తల్లి ఉంటుంది, వీధంతా ఆవిణ్ణి పెద్దావిడ అంటారు. ఆవిడ కుక్క పేరు దొర. నల్లగా, బొద్దుగా, సోఫా దిగకుండా పెరిగిన జీవి. ఆ దొర వీపు మీద అరచెయ్యంత మేర బోడి అయిపోయింది. పెద్దావిడ వాణ్ణి ఎత్తుకుని మెట్లు దిగి, కనబడ్డ ప్రతివాళ్ళకూ వాడి వీపు చూపించింది.

"చూశారా? పాత చాప చిరిగినట్టు ఎలా చిరిగిందో! అంతా ఆ నురగమ్మ సబ్బు మహిమ."

పెద్దావిడ నోట పడ్డ మాట నాలుగంతస్తులూ ఎక్కి దిగడానికి ఎంతసేపు? నెల తిరక్కుండా ఆరిళ్ళు రావద్దన్నాయి. ఒకరు మర్యాదగా, "కుక్క ఊరెళ్ళింది" అన్నారు. లోపల అది మొరుగుతూనే ఉంది.

నిజానికి ఆ మేడలో మనుషులకూ ఏదో తేడాగానే ఉంది. కాని మనుషుల దురదకు ఎవరి కారణాలు వాళ్ళకుంటాయి. తలస్నానం చేస్తే కళ్ళు మండాయి, కొత్త షాంపూ అన్నారు. చేతులు పగిలాయి, ఎండన్నారు. గాజు తొట్టిలో చేపలు నాలుగూ ఒకే రోజు తేలాయి, మేత ఎక్కువైందన్నారు. పై అంతస్తు పిల్లి తన గిన్నె ముట్టకుండా పూలకుండీ పళ్ళెంలో పాతనీళ్ళు తాగుతుంటే, ఎంత గారాబమో అని ముచ్చటపడ్డారు. కుళాయి తిప్పితే గుప్పుమని వచ్చే బ్లీచింగ్ వాసననైతే మెచ్చుకున్నారు కూడా. మేడ సంఘం మీటింగులో, "ఆసుపత్రి కంటే శుభ్రంగా ఉంచుతున్నాడు మన మెట్ల తాత" అని చప్పట్లు కొట్టారు. మెట్ల తాత ఆ మేడ కాపలాదారు. మెట్ల కింద గదిలో ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నాడు. మోటారు వెయ్యడం, వాకిట్లో నేల కింద ఉన్న సంపు కడగడం ఆయన పనే.

నురగక్క ముందు తననే అనుమానించుకుంది. ఇంటి దగ్గర అదే సబ్బు ఎడమ చేతికి రాసుకుని పావుగంట ఉంచి కడుక్కుంది. ఒక రోజు కాదు, వరసగా వారం.

"ఏమైంది?" అంది అత్త.

"తెల్లబడింది."

"అయితే మొహానికీ రాసుకో."

సబ్బు తప్పు కాదని తేలింది. మేడలో ఆవిణ్ణి ఇంకా రానిస్తున్నది ఒక్క దర్జీ, కింద అంతస్తులో. ఆయనకో తెల్ల కుక్క. నురగక్క తన ఇంటి కుళాయి నీళ్ళు రెండు డబ్బాలు మోసుకుని ఆయన గుమ్మంలో దింపింది.

"అన్నా, ఈసారి స్నానం రెండు ముక్కలుగా చేయిస్తా. కుడివైపు మా ఇంటి నీళ్ళు, ఎడమవైపు మీ మేడ నీళ్ళు. సబ్బు ఒకటే."

దర్జీ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. "చొక్కాకి రెండు రంగుల చేతులు కుట్టమన్నవాళ్ళున్నారు గానీ, కుక్కకి రెండు నీళ్ళ స్నానం ఇప్పుడే వింటున్నా. కానియ్యి."

వెన్నెముక మీదుగా తువ్వాలు కట్టి, ఒక పక్క నీళ్ళు మరో పక్కకు పోకుండా చేయించింది. మధ్యలో కుక్క ఒళ్ళు దులుపుకోబోతే చెవి పట్టుకుని, "నీకోసమేరా, కాసేపు ఓర్చుకో" అని బతిమాలింది. రోజు విడిచి రోజు, మూడుసార్లు అలాగే. ఆరో రోజున దర్జీ గుమ్మంలోనే నవ్వుతూ నిలబడ్డాడు.

"నీ అనుమానమే నిజమమ్మా. ఎడమ కాలు ఒక్కటే ఎత్తి గోక్కుంటోంది. కుడివైపు పట్టులా ఉంది."

నురగక్కకు ఎక్కడలేని ప్రాణం వచ్చింది. సంచి అక్కడే పడేసి రెండో అంతస్తుకు ఎక్కింది. పెద్దావిడకు ఈ ఒక్క మాట చెబితే చాలు, నింద ఎక్కించిన నోరే దింపుతుంది. గంట కొట్టింది. తలుపు అవతల చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చి ఆగింది. చూసే రంధ్రంలో వెలుతురు పోయి చీకటయింది. దొర లోపలి నుంచి తలుపు గీరాడు. నురగక్క చీర కొంగుతో మొహం తుడుచుకుని, తల కాస్త సర్దుకుని నిలబడింది. చెప్పుల చప్పుడు మళ్ళీ వెనక్కి వెళ్ళిపోయింది.

ఇంకొకసారి గంట కొట్టడానికి మనసొప్పలేదు. దిగొచ్చింది.

వాకిట్లో సంపు మూత తీసి ఉంది. మెట్ల తాత దాని అంచున కాళ్ళు లోపలికి వేలాడేసుకుని కూర్చున్నాడు. పక్కన బ్లీచింగ్ పొడి సంచి.

"దిగుతున్నావా తాతా?"

"ఆఁ, దిగుతా. తొందరేముంది?"

"నేను దర్జీ ఇంటికి వచ్చినప్పటి నుంచీ అలాగే కూర్చున్నావు."

తాత చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. "ఆ నిచ్చెన మీద అడుగేస్తే మోకాలు నాది కానట్టు ఒంగిపోతోందమ్మాయ్. రెండుసార్లు పడ్డా. దిగి ఆరునెల్లయింది."

"మరి కడిగేదెవరు?"

"కడగట్లేదు కాబట్టే పొడి ఎక్కువేస్తున్నా. ఇదివరకు వేసేదానికి నాలుగింతలు. అడుగున బురద ఉంటే ఉండనీ, పొడి దాని పని పట్టదూ? వాసన రావట్లేదా నీకు? మీటింగులో చప్పట్లు కొట్టారు."

నురగక్క పొడి సంచి తిప్పి చూసింది. ఎన్ని నీళ్ళకు ఎంత పొడో దాని మీద రాసే ఉంది. ఆవిడ చదివింది ఐదో తరగతే అయినా ఆ మాత్రం కూడబలుక్కోగలదు. తాతకు ఆ చిన్నక్షరాలు కనబడే వయసు దాటిపోయింది.

"కుక్కల బొచ్చు ఊడేది దీనికే తాతా. మనుషుల కళ్ళు మండేదీ దీనికే."

తాత పొడి సంచిని పక్కకు జరిపాడు. "నీ సబ్బన్నారే."

"అన్నారు."

"నేనూ నమ్మాను," అన్నాడు. తర్వాత మోకాలు రెండు చేతులతో పట్టుకుని, "చెప్పెయ్యమ్మాయ్. నన్ను పొమ్మంటారు. పని పోతే గదీ పోతుంది. పోనీలే. నీదీ పొట్టే కదా," అన్నాడు.

నురగక్క తాత టార్చి తీసుకుని సంపులోకి వేసి చూసింది. గోడలకు పచ్చగా పాకుడు, అడుగున బురద. "మోటారు ఏ రోజు ఆపితే ఎవరికీ ఇబ్బంది ఉండదు?" అని మాత్రం అడిగింది.

ఇంటికొచ్చి అత్తకు చెప్పింది. అత్త విని చేతిలో పని పక్కన పెట్టింది.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే? చేసింది వాడు, దిగేది నువ్వా?"

"నీళ్ళు బాగుపడకపోతే ఇళ్ళు తిరిగి రావత్తా."

"సంగతి చెబితే వస్తాయిగా."

"వస్తాయి. తాత పోతాడు."

అత్త ఆవిణ్ణి ఎగాదిగా చూసింది. మళ్ళీ పని చేతిలోకి తీసుకుంది. "ఆ చిరుగుల చీర కట్టుకుని పో. మంచిది పాడుచేసుకోకు."

వాళ్ళత్త నోట్లో నువ్వుగింజ నానదని వీధంతటికీ తెలుసు. ఈ ఒక్క గింజ మాత్రం ఎనిమిది నెలలు నానింది.

బుధవారం, అందరూ పనులకు పోయే వేళ. తెల్లవారగానే తాత నీళ్ళన్నీ తోడించి, మూత తీసి సంపుకు గాలి తగలనిచ్చాడు. నురగక్క చీర ఎగదోపి, నడుముకు తాడు కట్టుకుని దిగింది. తాడు రెండో కొస తాత చేతిలో. కింద నుంచి బకెట్ నింపి ఇస్తే పైన తాత లాగి పారబోసేవాడు. గోడలు రుద్ది, అడుగు కడిగి, మళ్ళీ నీళ్ళు నింపాక పొడి తనే కొలిచి వేసింది. ఎవరైనా అటుగా వస్తే తాత గట్టిగా దగ్గేవాడు, ఆవిడ కింద చప్పుడు చెయ్యకుండా నిలబడేది. ఒకసారి పెద్దావిడే వచ్చి, "ఇంత కష్టపడి కడుగుతున్నావా తాతా, చెమట కూడా పట్టలేదే!" అంది. "అలవాటైపోయిందమ్మా," అన్నాడు తాత. నురగక్క కింద చీపురు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది.

తర్వాత నెలకోసారి దిగింది.

రెండో నెలకు దొర వీపు మీద నూగులా బొచ్చు వచ్చింది. పిల్లి పూలకుండీ వదిలి తన గిన్నె దగ్గరికి చేరింది. పెద్దావిడ కబురు పెట్టింది.

"దర్జీ కుక్క కూడా కోలుకుంది, సబ్బు మార్చావటగా?" అంది గుమ్మంలోనే.

నురగక్క అవుననలేదు, కాదనలేదు. "ఇప్పుడు బాగానే ఉన్నాడు కదమ్మగారూ," అంది, చేతులు తడుపుకుంటూ.

ఆ జవాబును పెద్దావిడ అవునుగా మార్చుకుంది, వీధి ఇంకొంచెం పెంచుకుంది. ఇళ్ళు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. వచ్చిన ప్రతి ఇంట్లోనూ, "పోనీలే, తప్పు తెలుసుకుంది" అనేవాళ్ళు. అది ఆవిడ చెవిన పడుతూనే ఉండేది. నొచ్చుకోలేదంటే అబద్ధం. ఇంటికొచ్చి అత్త మీద విసుక్కునేది, చెంబులు గట్టిగా తోమేది. మర్నాడు మళ్ళీ సంచి భుజాన వేసుకునేది.

ఎనిమిదో నెలలో మెట్ల తాత తనంతట తనే పని మానుకున్నాడు. మోకాలు ఆపరేషనుకు కూతురింటికి వెళుతూ అంతస్తంతస్తుకూ ఎక్కి చెప్పి వచ్చాడు. రెండో అంతస్తులో మాత్రం కాసేపు కూర్చున్నాడు.

"ఒక సంగతి చెప్పి పోతానమ్మా. ఎనిమిది నెలలుగా సంపులోకి దిగింది నేను కాదు," అని మొదలుపెట్టి, పొడి సంగతీ దురద సంగతీ మొత్తం చెప్పేశాడు.

ఇప్పుడు సంపు కడగడానికి పెద్ద పైపులతో బయటి నుంచి మనుషులొస్తున్నారు. పెద్దావిడ మాత్రం తాత చెప్పిన సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదు. వేసిన నింద దండోరా అయిపోతుంది గానీ, వెనక్కి తీసుకునే మాటకు గొంతు ఒక పట్టాన పెగలదు.

తాత వెళ్ళాక వచ్చిన తొలి స్నానం రోజు. పెద్దావిడ ఎప్పుడూ లేనిది స్నానాల గదిలోకి వచ్చి, తనే దొర ముందుకాళ్ళు పట్టుకుని కూర్చుంది. నురగక్క గుప్పెడు నీళ్ళు పట్టి, సబ్బు రుద్ది, నురగ చూసుకుంటోంది.

"తాత అంతా చెప్పాడే," అంది పెద్దావిడ, దొర మొహం వైపు చూస్తూ. "అందరం అన్నేసి మాటలంటుంటే, సంగతి తెలిసి కూడా నాకొక్క ముక్క చెప్పాలనిపించలేదా నీకు?"

నురగక్క దొర చెవుల్లో దూది సర్దింది.

"చెబుదామనే పైకొచ్చానమ్మగారూ. మీరు తలుపు తియ్యలేదు. దిగి వెళితే కింద తాత కనబడ్డాడు. ఆ తలుపు తీసుంటే ఇప్పటికి తాత ఎక్కడుండేవాడో నాకు తెలీదు. ఆ ముందుకాళ్ళు కాస్త గట్టిగా పట్టుకోండి, నీళ్ళు పోస్తున్నా."