అరలీటరు కెమెరా

మా అత్తమ్మకు ఫోన్‌లో ఫోటో తీయడం రాదు. ఎవరిని తీసినా చివరికి ఆమె బొటనవేలే పడుతుంది. అలాంటి మనిషికి మా రోడ్డు మీద 'కెమెరా అమ్మ' అని పేరొచ్చింది. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాల్సింది నిజానికి మా ఆయన. ఆయన చచ్చినా చెప్పడు. అందుకని నేనే చెబుతున్నాను.

మాది పాల వ్యాపారం. సైదాబాద్ వైపు వెళ్లే పెద్ద రోడ్డుకు ఇటు పక్కన ఇల్లు, ఇంటి ముందు గదిలోనే దుకాణం. బర్రెల కొట్టం మాత్రం రోడ్డుకు అటు పక్కన ఉంది. మా మామ పెళ్లినాటికి ఈ రోడ్డు మీద బర్రెలు తీరిగ్గా పడుకుని నెమరు వేసేవట. ఇప్పుడు వెడల్పు చేసి నున్నగా తారు పోశారు. నున్నటి రోడ్డు కనబడితే మన పిల్లలకు చెయ్యి ఊరుకోదు కదా, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పేస్తారు. ఆ బండ్ల మధ్యలోంచి మామ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అటు వెళ్లి పాలు పిండి, క్యాను పట్టుకుని ఇటు రావాలి. ఇంకొకరం వెళ్తామంటే వినడు. ఆయన చెయ్యి పడితే తప్ప బర్రెలు పాలు చేపవు, అదీ నిజమే. నేనొకసారి ముంత పట్టుకుని కూర్చుంటే పెద్ద బర్రె మెడ తిప్పి నన్ను చూసిన చూపు, కొత్త కోడలిగా వచ్చినప్పుడు మా అత్తమ్మ కూడా చూడలేదు.

పోయిన వానాకాలం ఎవడో బండివాడు మామను రాసుకుంటూ పోయాడు. క్యాను ఒక దిక్కు, మనిషి ఒక దిక్కు పడ్డారు. మోచెయ్యి చెక్కుకుపోయింది. మా ఆయన మందు రాస్తూనే తీర్పు చెప్పేశాడు.

"ఇంకోసారి గిట్లయితే బర్రెలను అమ్ముడే బాపు. మల్ల నన్ను అనొద్దు."

మామ ఆ పూట అన్నం ముట్టలేదు. బర్రెలు లేకపోతే ఆయన పొద్దున లేచి ఏం చేస్తాడో మాకెవరికీ తెలియదు. ఆయనకు అసలే తెలియదు.

అలాంటి రోజుల్లో కెమెరా సారు వచ్చాడు. పొట్ట కాస్త ముందుకున్న నడివయసు పోలీసు. మా కొట్టం పక్కన చొప్ప కుప్ప ఉంటుంది. దాని వెనక మూడుకాళ్ల స్టాండు వేసి, స్పీడు కొలిచే కెమెరా దాని మీద పెట్టి, మా దాణా బస్తా మీదనే కూర్చున్నాడు. రోడ్డు మీద పోయేవాడికి చొప్ప తప్ప ఏమీ కనబడదు. మొదటి వారమే ఆ చొప్పలో పడ్డవాడు మా ఆయన. చార్మినార్ దగ్గరి చాయ్ హోటళ్లకు పాలు వేసేది ఆయనే. అక్కడ చాయ్ మరుగుతుంటే ఇక్కడ మా ఆయన బండి ఉరుకుతుంది. ఫోన్‌కు చలానా వచ్చింది, ఫోటోతో సహా. ఫోటోలో మా పాల క్యాన్లు కూడా బాగా వచ్చాయి.

ఆ రోజు నుంచి మా దుకాణం ముందు రోజూ ఇదే లొల్లి. పక్కింటి చాచాకు గాజుల దుకాణం ఉంది. సాయంత్రం పాలకు వచ్చి కాసేపు నిలబడి మాట్లాడి గానీ వెళ్లడు.

"రోడ్డు మీద భద్రం కావాల్నంటే బోర్డు పెట్టుకోని ఎదురుంగ నిలబడాలె చాచా," అనేవాడు మా ఆయన. "దొంగ లెక్క చొప్ప ఎన్క దాక్కునుడేంది? గల్ల నింపుకునే ధందా గాకపోతే?"

"అరే బేటా, ఆహిస్తా చలావ్ తో కౌన్ పకడ్తా?" అని చాచా నవ్వేవాడు. మెల్లగా పోతే ఎవరు పట్టుకుంటారట. పెద్ద నీతిమంతుడు! ఆయన స్కూటర్ ఎంత తొక్కినా పరుగెత్తే సంగతి లేదు. కోడిపిల్లలు కూడా దానికి దారివ్వవు.

కొడుకు చలానా కట్టిన రోజే అత్తమ్మ రంగంలోకి దిగింది. దుకాణం గడప దగ్గర ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. చేతిలో పాలు కొలిచే అరలీటరు డబ్బా. ఎవడైనా జోరుగా వస్తుంటే ఆ డబ్బాను కంటికి ఆనించి, ఇంకో చేత్తో చొప్ప కుప్పను చూపించేది. మొదట ఎవరికీ అర్థం కాలేదు. ముసలమ్మకు ఏదో అయిందనుకున్నారు. ఒకడు ఫోటోలో పడ్డాక కుప్ప వెనక కెమెరాను గమనించి, ఆమె వైపు తిరిగి నెత్తి కొట్టుకున్నాడు. ఇక చూసుకోండి. అత్తమ్మ డబ్బా ఎత్తితే చాలు, బండ్లన్నీ బుద్ధిమంతులై నడిచేవి. పోతూ పోతూ సలాం కొట్టేవాళ్లు, "కెమెరా అమ్మా, దువా" అని దీవెన అడిగేవాళ్లు. ఆమె రాణీగారిలాగా తల ఊపేది.

ఇదంతా కొడుకు పైసల కోపమేనని నేననుకున్నాను. ఒక రోజు కెమెరా సారు సెలవు మీద ఉన్నాడు, అటు పక్కన చొప్ప వెనక ఎవరూ లేరు. అయినా సాయంత్రం అత్తమ్మ డబ్బా ఎత్తింది. బండ్లు నెమ్మదించాయి. సందు చూసుకుని, క్యాను పట్టుకుని, మామ తాపీగా రోడ్డు దాటి వచ్చాడు. ఆయన గడప ఎక్కగానే అత్తమ్మ డబ్బా దించేసింది.

"కెమెరా లేదు గద అత్తమ్మా, ఎవరికి ఎత్తినవు?"

"ఫైనుకు భయపడ్తరు పిల్లా. ముసలోనికి భయపడరు," అంది. "నేనేం జెయ్యాలె మరి?"

ఇన్నాళ్లుగా ఆమె చూస్తున్నది చొప్ప వైపు కాదు, చొప్ప పక్కన అంచు మీద నిలబడ్డ మనిషి వైపు. రోజుకు ఎన్నిసార్లు ఆమె ప్రాణం గొంతులోకి వచ్చి పోతోందో ఇంట్లో ఎవరమూ అడగలేదు.

కానీ కెమెరా సారుకు వచ్చింది తంటా. ఒక మధ్యాహ్నం దుకాణానికి వచ్చి మంచినీళ్లు అడిగాడు. నీళ్లిస్తూ నేను అడిగేశాను, కనబడేలా నిలబడితే ఆయన సొమ్మేం పోతుందని.

"కనపడితే ఈడ ఒక్కతాననే నిదానంగ పోతరమ్మా. మీ గడప దాటంగనే మల్ల ఉర్కుతరు. దాక్కుంటేనే ఎక్కడున్నమో తెల్వక అంతట భయపడ్తరు."

"మాకు ఈడ ఒక్కతాన నిదానంగ పోతే సాలు సారు," అంది అత్తమ్మ లోపలినుంచి.

ఆయన నవ్వలేదు. "మీ డబ్బా దయతోని ఈడ కేసులే లేవమ్మా. రేపట్నుంచి నన్ను దబీర్‌పురా దిక్కు ఏసిన్రు," అని గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు.

మా ఆయన సంబరం చూడాలి ఆ సాయంత్రం. ఎన్నికల్లో గెలిచినట్టే. "ఇప్పుడు చెప్పు చాచా. బండ్లు మెల్లగ పోతున్నయంటే ఖుష్ కావాలె గద వాళ్లు? గల్ల నిండుతలేదని జెండా ఎత్తేసిన్రు. ఏంది మరి ఇది?"

చాచా పాల గిన్నె మూత రెండుసార్లు తీసి పెట్టి, "ఖైర్, పోనీ" అని వెళ్లిపోయాడు. మా ఆయన అన్నమాట సబబుగానే ఉండడం నాకెప్పుడూ నచ్చదు, అప్పుడూ నచ్చలేదు.

అత్తమ్మ డబ్బా ఎత్తడం మానలేదు. కొద్ది రోజులు బండ్లు మాట విన్నాయి. తర్వాత పిల్లలకు ఫోన్లలో గ్రూపులున్నాయి కదా, కెమెరా ఏ మూలన ఉందో పొద్దున్నే తెలిసిపోతుంది. ఒకడైతే బండి ఆపి మరీ అడిగాడు.

"అమ్మా, నీ కెమెరల రీలు అయిపోయినట్టుంది, మార్పించుకో."

అందరూ నవ్వారు. అత్తమ్మ కూడా నవ్వింది గానీ లోపలికి వచ్చి డబ్బాను ఠపీమని బల్ల మీద పెట్టింది. ఆ మర్నాటి నుంచి ఆమె డబ్బా ఎత్తినా రోడ్డు ఆగలేదు. మామ అటు అంచున క్యాను పట్టుకుని నిలబడేవాడు. ఒక అడుగు వేసేవాడు, వెనక్కి తీసుకునేవాడు. ఎండలో పాలు వేడెక్కేవి. హోటళ్లవాళ్లు ఆలస్యమైందని ఫోన్లు చేసేవారు. దాన్ని సరిచేయడానికి మా ఆయన ఇంకా జోరుగా తోలేవాడు. చివరికి ఒక రాత్రి అన్నం దగ్గర చెప్పేశాడు.

"ఆయితారం బేరగాన్ని రమ్మన్న. బర్రెలను చూస్కోని పోతడు."

మామ చెయ్యి కడుక్కుని లేచాడు. అత్తమ్మ ఆ రాత్రే కవ్వం తీసి పెరుగు చిలకడానికి కూర్చుంది. వేళ కాని వేళ ఆమె కవ్వం పట్టిందంటే నాకు భయం.

మర్నాడు సీసా నిండా మజ్జిగ పోసి, నన్ను వెంటబెట్టుకుని ఆటో ఎక్కింది. దబీర్‌పురా దగ్గర వెతగ్గా వెతగ్గా, చెరకు రసం బండి వెనక ఆ పొట్ట దొరికింది. పోలీసు దాక్కుంటే వెతికి పట్టుకున్న మొదటి మనుషులం మేమే అయ్యుంటాం. సీసా చేతికిచ్చి, అత్తమ్మ నేరుగా విషయానికొచ్చింది.

"మా తానికి మల్ల రావాలె సారు."

"ఎందుకమ్మా, మల్ల నా నౌకరి మీదికి తెస్తవా?"

"ముసలాయన రోడ్డు దాట్తలేడు."

ఆయన మజ్జిగ సగం తాగి ఆగాడు. "మరి నీ డబ్బా?"

"పాలల్లనే ఉంటది."

"మీ ఇంటోళ్లు వచ్చినా?"

"ఎవ్వరొచ్చినా."

పెద్దసారును అడిగి చూస్తానన్నాడు. ఆ వారంలోనే చొప్ప కుప్ప వెనక మళ్లీ స్టాండు లేచింది. కేసులు దొరుకుతాయన్న ఆశతో పంపారని మా ఆయన తర్వాత అన్నాడు, ఒక ముసలాయన కోసం పంపారని చాచా అన్నాడు. పంపినవాళ్లు మాత్రం మాకేమీ చెప్పలేదు.

కెమెరా సారు వచ్చిన మొదటి సాయంత్రం ఆ సంగతి ఇంకా ఏ గ్రూపులోనూ పడలేదు. బండ్లు ఎప్పటి జోరులోనే ఉన్నాయి. కెమెరా తన పని తాను చేసుకుంటోంది. మామ కొట్టంలోంచి క్యానుతో వచ్చి అంచున నిలబడ్డాడు. కాస్త సందు దొరికినట్టుంది, రోడ్డు మీద అడుగు పెట్టాడు. అప్పుడే మలుపు దగ్గర హెల్మెట్ పెట్టుకున్న ఒక బండివాడు తిరిగాడు. బండికి రెండు పక్కలా ఖాళీ పాల క్యాన్లు డబడబలాడుతున్నాయి. ఆ చప్పుడు నేను నిద్రలో విన్నా గుర్తుపడతాను.

అరలీటరు డబ్బా కోసం చెయ్యి చాపాను. మళ్లీ చలానా, మళ్లీ ఇంట్లో లొల్లి అనుకున్నానే తప్ప ఇంకేం ఆలోచించలేదు. అత్తమ్మ నాకంటే ముందే డబ్బా అందుకుని పాల గంగాళంలో నిండా ముంచేసింది. ఇంకో చేత్తో నా మణికట్టు పట్టుకుంది. ఆమె కళ్లు రోడ్డు మీదనే ఉన్నాయి.

బండి మామ ముందు నుంచి రివ్వున పోయింది. ఆయన గబుక్కున వెనక్కి తూలి, చొప్పను పట్టుకుని నిలదొక్కుకున్నాడు. క్యాను ఒలకలేదు. చొప్ప వెనక నుంచి కెమెరా సారు పరుగెత్తుకొచ్చి, ఆయన జబ్బ పట్టుకుని, చెయ్యెత్తి బండ్లను ఆపి రోడ్డు దాటించాడు. నిన్నటిదాకా ఎవరికీ కనబడని మనిషి రోడ్డు నడిమధ్యన అందరికీ కనబడుతూ నడిచాడు.

మా ఆయన ఎప్పటిలాగే గల్లీ చుట్టి, వెనక నుంచి ఇంట్లోకి వచ్చాడు. హెల్మెట్ తీస్తూ దుకాణంలోకి వచ్చేసరికి మామ ముక్కాలిపీట మీద కూర్చుని నీళ్లు తాగుతున్నాడు.

"ఏమైంది బాపు?"

"ఎవడో రా. ఒక్క అడుగు ఇంక ఏస్తే గుద్దేటోడే. నాకు సూపు ఆనలే, వాడు మనిషిని సూడలే," అన్నాడు మామ. గ్లాసు కింద పెట్టి మోకాళ్ల వైపు చూసుకున్నాడు. "నువ్వు చెప్పిందే నిజం బిడ్డా. నాతోని గాదు ఇంక. ఆయితారం బేరగాన్ని రమ్మను."

అత్తమ్మ కొడుకు వైపు చూసింది. నా మణికట్టు మాత్రం ఇంకా వదల్లేదు.

మా ఆయన గుమ్మంలోంచి చొప్ప కుప్పను చూశాడు, దాని వెనక స్టాండు సర్దుకుంటున్న సారును చూశాడు. చేతిలోని హెల్మెట్‌ను అటు ఇటు తిప్పాడు.

"వద్దు బాపు," అన్నాడు. "బర్రెలు ఉండనీ."

"ఎట్లుంచుతం రా? రేపు మల్ల వాడే వస్తే?"

"వాడు ఇంక గట్ల రాడు."

"నీకెట్ల ఎరుక?" అన్నాడు మామ.