చెత్తరాళ్ల మీద ఎలిజబెత్ మేడం అనుమానం

మా ఎలిజబెత్ మేడంకి ఉన్న జబ్బు ఒక్కటే, అనుమానం. నంద్యాల గనుల శాఖ ఆఫీసులో ఆమె కింద సర్వేయర్‌గా చాలా ఏళ్లు పనిచేశాను. ఆమె నన్ను నమ్మిన రోజు లేదు. ఆళ్లగడ్డ బస్సెక్కితే బోర్డు చూసి, కండక్టర్ని అడిగి, కండక్టర్ మీద నమ్మకం చాలక పక్క సీటాయన్ని అడిగేది. చర్చిలో ప్రార్థనకి ఒక కన్నే మూస్తుందనీ, రెండోది బయట విడిచిన చెప్పుల మీద ఉంటుందనీ వాళ్లాయనే చెప్పాడు.

అలాంటి మనిషి దగ్గరికి ఒక కంపెనీ మేనేజరు వినయ్ వచ్చాడు. ఆళ్లగడ్డ అవతల మూతపడిన ముగ్గురాయి గని పక్కన, అప్పట్లో పనికిరాదని పారబోసిన రాళ్లు గుట్టగా పడి ఉన్నాయి. వాటిని కడిగి, మిగిలిన ముగ్గురాయి తీసుకుంటాం, అనుమతివ్వమన్నాడు. చెత్త పోతే ఊరికీ మేలేనన్నాడు.

అతను వెళ్లగానే మేడం, "చెత్త కోసరం ఇంత వినయమా?" అంది.

మర్నాడే గుట్ట ఎక్కింది. రాళ్లు కడిగిన నీళ్లు ఎక్కడికి పోతాయని వినయ్‌ని నిలదీసింది. గుంట తవ్వుతామని అతను చూపించిన చోటికి దిగువనే ఊరి మంచినీళ్ల బోరుంది. గుంట అవతలివైపుకు మారుస్తానని ఒప్పుకునేదాకా అతన్ని గుట్ట దిగనివ్వలేదు.

అంతటితో ఆగిందా? ఊళ్లోకొచ్చి ఇల్లిల్లూ తిరిగింది. ఉమామహేశ్వరమ్మ వాకిట్లో తెల్లరాళ్ల కుప్ప కనిపించింది.

"ఏమ్మా, ఈ రాళ్లు యాడివి?"

"కోళ్లకు అడ్డం పెట్టుకున్యామమ్మా."

"కోళ్లు యాడ?"

కోళ్లు లేవు. ఆడవాళ్లు గుట్ట మీద ముగ్గురాయి ఏరి అమ్ముకుంటున్నారని బయటపడింది. ఎవరెవరు ఏరుతారో, ఎన్నాళ్లుగా ఏరుతున్నారో మేడం కూపీ లాగింది. కేసులు పడతాయని ఊరంతా హడలిపోయింది. పొట్టకూటి కోసం ఏరుకునేవాళ్లను పట్టుకోవడమేంటని నేనే అడిగేశాను.

"వాళ్ల తరపున నువ్వెందుకు మాట్లాడతాండావ్? వాటా ఏమన్నా ఉందా?" అంది.

తీరా అనుమతి షరతులు చూస్తే, ఆమె పట్టుబట్టి చేర్పించిందొకటి ఉంది. గుట్ట మీద ఏరుకుని బతికేవాళ్లకే కంపెనీ ముందుగా పని ఇవ్వాలి. ఇదెందుకని అడిగితే, "లేకుంటే రేపు కంపెనీవాళ్లు బయట కూలోళ్లను తెచ్చి, ఈళ్లెవరో మాకు తెలీదంటారు. ఎవర్ని నమ్మాలప్పా?" అంది.

"కేసు పెడతాదనుకుంటే పని పెట్టించెనే," అని ఉమామహేశ్వరమ్మ ఊరంతా చెప్పుకుంది.

పని మొదలైన రోజు ఆడవాళ్లంతా కంపెనీ ఇచ్చిన హెల్మెట్లతో వరసగా నిలబడ్డారు. మేడం ఒకటి అడిగి తీసుకుంది. తిప్పి చూసింది, వేలితో కొట్టి చూసింది. నమ్మకం కుదరలేదు. దాన్ని తెచ్చి నా నెత్తిన పెట్టి, కిందనుంచి ఒక రాయి తీసుకుంది.

"కదలద్దప్పా," అంది.