జనానా తలుపు కాడ నిలబడ్డ బాలప్ప

"జొన్నరొట్టె చేసిన, జర తిని పో" అన్న నేను.

"వచ్చినంక తింటనే. జనం అప్పుడే గేటు కాడ నిలబడ్డరు" అన్నడు, రుమాలు చుట్టుకుంట.

"ఖాళీ జనానా ముందల ఒర్లెటందుకు గంత తొందరేంది? లోపల నీకోసం ఎవరు కూసున్నరు?"

"ఉన్నరో లేరో మనకెందుకు? అడిగి పోవుడు మన పని" అని కడప దాటిండు.

గవే మా ఆలుమగల ఆఖరి మాటలు. మొన్న జెండా పండుగనాడు పొద్దటి మాట. పగటాల్లకు బండొచ్చి వాకిట్ల ఆగింది. తిననీకె వచ్చిండనుకొని రొట్టె మీది గుడ్డ తీస్తున్న. మా మరిది కొడుకు నర్సింలు లోపలికొచ్చి, "పెద్దమ్మా" అని ఆగిపోయిండు. ఇప్పుడు నేను చెప్పంగ రాస్తున్నది గూడ వాడే.

ఎరుకలేనోళ్లకు చెప్తున్న. తాండూరుల పాత జాగీర్దారు దేవిడి, గా పెద్ద బంగ్లా కాడ మా ఇంటాయన పని చేసిండు, ఆయన నాయిన గూడ గాడనే చేసిండు. నీళ్లు మోసెటోడైన, గోడకు సున్నమేసెటోడైన, మగమనిషి ఆడోళ్లుండే జనానా తలుపు కాడికి పోతె "పర్దా!" అని కేకెయ్యాలె. లోపలోళ్లు చాటుకు జరిగి గాజులు గల్లుమనిపిస్తరు. గా చప్పుడైనంకనే చెప్పులిడిసి కాలు లోపల పెట్టాలె. గది ఆ ఇంటి కట్టడి.

పోలీసు యాక్షన్ అయినంక జాగీరు పోయింది, బేగములు పట్నం పోయిండ్రు. దేవిడి సర్కారు చేతికొచ్చింది. ముందర దఫ్తరు పెట్టిండ్రు, ఎనుక జనానాకు తాళమేసిండ్రు. కొన్నేండ్లకు, ఏడాదికోసారి జెండా పండుగనాడు జనం చూసెటట్టు అన్ని తలుపులు తెరువుమని హుకుమొచ్చింది. చూపెట్టే పని మా ఇంటాయనదే.

వికారాబాదుకెల్లి రైలెక్కి వస్తుండ్రి, దోమ ఊరి దిక్కుకెల్లి బండ్లు కట్టుకొని వస్తుండ్రి. దివాన్‌ఖానల నిలువుటద్దాలు చూసి మస్తు నవ్వులు, ఇకఇకలు. జనానా కాడికి రాంగనె ఈయన అందరిని ఆపి "పర్దా!" అని తల వంచుకొని నిలబడేటోడు.

"ఏం తాతా, బేగంసాబ ఇంక జడేసుకుంటున్నదా?" అని ఎకసెక్కమాడిండు ఒకడు.

"నీ పెండ్లాం తానం చేస్తుంటె సుట్టాలను లోపలికి తోలుతవా? ఆగు జర" అన్నడు ఈయన.

ఓ ఏడు తహసీలుదారు వచ్చిండు. "ఇది సర్కారు బంగ్లా, ఇంక పర్దా ఏంది?" అని కోప్పడి, ముందుగాల తనే చొరబడ్డడు. పోయినంత జల్ది బయటికొచ్చిండు. మొకంల నెత్తురు లేదు. "లోపల ఊడుస్తున్న ఆడమనిషెవరు?" అని అడిగిండు. గాడ ఊడ్చే ఆడమనిషిని నేనొక్కదాన్నే. నేను ఆయన ఎనుకనే, వరండల, చీపురు పట్టుకొని నిలబడి ఉన్న.

నేను గూడ ఒట్టి భ్రమ అనుకున్నదాన్నే. ఓ పగలు ఇద్దరం శుభ్రం చేయనీకె పోయినం. ఈయన కేకేసిండు. నేను లోపలికి పోబోతె చెయ్యి పట్టుకొని, "ఇంక కాలే" అన్నడు. నాకేం వినరాలే. జరసేపటికి ఆయనే "ఇగ పా" అన్నడు. లోపల ఎవరు లేరు. కిటికీలకు కొట్టిన చెక్కలు, దుమ్ము, పాత అత్తరు వాసన. కింద పరిచిన బండలు ముసురుకు మంచు లెక్క సల్లగున్నయి. ఊడ్సుకుంట పోతె, కిటికీ కాడ ఒక్క బండ నా అరికాలికి వెచ్చగ తాకింది, అప్పుడే ఎవరో కూసోని లేసినట్టు. నేను గా బండను ఊడ్వకనే బయటికొచ్చిన.

సొంతింటికొచ్చినా గంతే. వాకిట్ల నిలబడి "ఉన్నవా?" అనేటోడు. "లేను పో" అన్న ఓసారి, కోపంల. నిజంగనే కడప బయట కూసున్నడు మహానుభావుడు, నేను "రా" అనేదాక.

ఇగ గా దినం సంగతి. సన్న తుంపర పడుతున్నదట. ఈయన కేకేసి తల వంచుకొని తలుపు చెక్కకు ఆనుకున్నడు. ఆనుకొని మెల్లగ కూలబడ్డడు. ఎనుక జనం వరండ పొడుగూత నిలబడే ఉన్నరు. జవాబు కోసం చూస్తున్నడనుకున్నరు. పిల్లలను గూడ "ఉష్" అన్నరట. పానం పోయిన మనిషి ఎనుక ఊరంత మర్యాదగ నిలబడ్డది.

విన్నకాడికెల్లి నాకు ఒక్కటే ఫికరు. లోపలికెల్లి జవాబొచ్చిందా, రాలేదా? సెలవు దొరకకముందే పానం పోతె, ఆయన లోపలికి పోడు, ఎనుకకు రాడు. గా కట్టడి మనిషి ఎన్నటిదాక నిలబడుతడు?

దినాలనాడు వికారాబాదుకెల్లి ఒకామె వచ్చింది. గానాడు ఈయన ఎనుకనే నిలబడ్డదట. "గాజులు చప్పుడైనయి అవ్వా. అచ్ఛా అన్నడు. అనే కూసున్నడు" అన్నది. నన్ను ఓదార్చెటందుకు చెప్తున్నదేమో అని, ఇంటికి ఒట్టికాళ్లతో వచ్చిండు గద, చెప్పులు ఏడున్నయని అడిగిన. "తలుపు పక్కన జోడుగ ఇడిసిండు" అన్నది. జవాబు రానిది ఆయన చెప్పులు ఇడువడు. గాడ నాకు ఏడుపొచ్చింది, గప్పటిదాక రాలే.

ఇగ తాళంచెవి ఇంకొకరికిస్తరు. తలుపు ఎవరన్న తెరుస్తరు. అడిగెటోడు పోయిండు. గసొంటి మర్యాదస్తుడు ఈ తాండూరుకు మల్ల దొరకడు. ఆయన పాదాలకు నా దండం.

నర్సింలూ, ఇగ చాలు కొడుకా. మొదటికెల్లి చదువు. పైన మీ పెదనాయిన పేరు రాసినవు గద, గది జర గట్టిగ చదువు. పెండ్లైనకాడికెల్లి నా నోటితోని ఎన్నడు అనలే. వింట.